కట్టల లెక్కలో మూడువందల పన్నెండు

మా లెక్కల టీచర్ పోయిన సంగతి మా చెల్లె ఫోన్ చేసి చెప్పింది. నేను పనిచేసే మోర్తాడ్ బడిలో ఫోన్ హెడ్మాస్టర్ గదిలో ఉంటుంది. పిలుపు వస్తే పాఠం మధ్యలో ఆపి వెళ్ళాను. చెల్లె బోధన్‌లో ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుతోంది.

"అక్కా, నీ టీచర్ సచ్చిపోయింది."

"ఏ టీచర్?"

"ఏ టీచరేంది, నీ ఏలు ఇరగ్గొట్టింది గామె. పొద్దుగాల తలుపు తీయలేదంట. పక్కింటోళ్ళు గడియ పలగ్గొట్టి సూస్తే అప్పటికే అయిపోయింది. వస్తవా రావా జెప్పు, మీటర్ తిరుగుతున్నది."

వస్తున్నానని చెప్పాను. నా కుడిచేతి చూపుడువేలు మధ్య కణుపు దగ్గర పూర్తిగా వంగదు. ఫోన్ పెట్టేశాక ఆ వేలిని చూసుకుంటూ కొంతసేపు నిలబడ్డాను. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. ఆమె గురించి అట్లా రాస్తే ముందు ఆమెకే నచ్చదు. లెక్క రాకపోయినా ఏదో ఒక జవాబు రాసిపెట్టే పిల్లల నోట్‌బుక్కుల్లో అడ్డంగా గీత కొట్టి, "తెల్వకుంటే ఖాళీ ఇడిసిపెట్టు. అబద్ధం మాత్రం రాయకు" అనేది. కాబట్టి తెలిసినంతే రాస్తున్నాను. తెలియనిచోట ఖాళీ వదిలేస్తాను.

బోధన్‌లో మా ఆడపిల్లల హైస్కూలు చక్కెర ఫ్యాక్టరీకి దగ్గర. చెరుకు ఆడే కాలంలో మడ్డి వాసన తరగతిలోకి వచ్చి కూర్చునేది. ఆ వాసనకు మాకు ఆకలి పుడుతుందని, ఆకలైతే నిద్ర వస్తుందని టీచర్ కిటికీలు మూయించేది. మూసిన గదిలో చెమటలు పడుతూ లెక్కలు చేసేవాళ్ళం. ఆమె పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర కట్టేది. కొత్త చాక్‌పీసు కీచుమంటుందని మొదలే విరిచి రాసేది. మధ్యాహ్నం మిగతా టీచర్లంతా ఒకచోట కూర్చుని తింటుంటే ఈమె ఖాళీ తరగతిలో ఒక్కతే జొన్నరొట్టె తినేది. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో ఊళ్ళో పది రకాలుగా చెప్పుకునేవాళ్ళు. ఆమె చెవిన పడినా పట్టించుకునేది కాదు.

పిల్లలను పేర్లతో పిలిచే అలవాటు ఆమెకు లేదు. ఎవరు ఏ తప్పు చేస్తే అదే వాళ్ళ పేరు. గుణకారంలో సున్న మరిచిన పిల్ల 'సున్న'. తీసివేతలో అప్పు తెచ్చి తిరిగి ఇవ్వని పిల్ల 'ఎగవెట్టేది'. నా తోటివాళ్ళు కొందరు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లులు. బోధన్ బజారులో వాళ్ళను ఇప్పటికీ ఆ పేర్లతోనే పిలిచేవాళ్ళున్నారు. నా పేరు 'మూడువందల పన్నెండు'.

ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఇంటి లెక్క చెప్పాలి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. బాపు చెరుకు బండ్లు దింపే పనికి పోయేవాడు. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ బీడీలు చేసేది. మాకు పలక కంటే ముందు చాట చేతికొచ్చింది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. మాటలు వస్తున్న వయసులోనే మాకు అప్పజెప్పిన పని, అవ్వ చేసిన బీడీలను లెక్కబెట్టి కట్టలు కట్టడం. కట్టకు ఇరవై అయిదు. ఇరవై నాలుగు తర్వాత కట్ట, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అట్లా నా తలలో పదులు పడలేదు, కట్టలు పడ్డాయి. నలభై అంటే నాకు ఇప్పటికీ మొదట తోచేది కట్టా పదిహేను.

ఆరో తరగతిలో చేరిన కొత్తలో టీచర్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి నలభై ఎనిమిదీ ముప్పై తొమ్మిదీ కూడమంది. భయంతో బడి లెక్క మరిచి ఇంటి లెక్క చేశాను. నలభై ఎనిమిదంటే కట్టా ఇరవై మూడు. ముప్పై తొమ్మిదంటే కట్టా పద్నాలుగు. కలిపితే మూడు కట్టలు, పైన పన్నెండు. మూడు వేసి పక్కన పన్నెండు వేశాను. బోర్డు మీద అది 312 అయింది.

టీచర్ దాన్ని చదివి తరగతి వైపు తిరిగింది. "సూడుండ్రి. నలభై ఎనిమిదికి ముప్పై తొమ్మిది కలిపితే మూడువందల పన్నెండట. ఇద్దరు సుట్టాలు ఇంటికొస్తే పెండ్లయితున్నదనుకుంటదేమో ఈ పిల్ల."

అందరూ నవ్వారు. ఆమె స్కేలు అంచుతో నా వేళ్ళ కణుపుల మీద కొట్టి మళ్ళీ చేయమంది. మళ్ళీ అదే వచ్చింది. మళ్ళీ కొట్టింది. మూడోసారీ అదే వచ్చేసరికి ఏడుస్తూ చెప్పాను.

"మూడు కట్టల పన్నెండే అయితది టీచర్. మా అవ్వ కాడ గూడ గంతే అయితది."

స్కేలు ఆగింది. "కట్టకు ఎన్ని?"

"ఇరువై ఐదు."

ఆమె బోర్డు చూస్తూ పెదవులు కదిలించింది. క్షమించమనలేదు, ఓదార్చలేదు. "గట్లనా. అయితే ఇది తెలివిలేని తప్పు గాదు. ఒక్క అంకె నిలవడే జాగల రెండు నిలవెట్టినవ్. పన్నెండుకు ఒక్క గుర్తే ఉండాలె. తొమ్మిది దాటినంక ఇరువై నాలుగు దాంక పదిహేను గుర్తులు కావాలె నీకు. రేపు తయారు చేస్కొని రా. లేకుంటే రాకు."

ఆ సాయంత్రం చాట ముందు కూర్చుని దాని గురించే గొణుక్కుంటున్నాను. మా చెల్లె నాకంటే రెండేళ్ళు చిన్నది, అప్పుడు నాలుగో తరగతి. చేతులు ఆపకుండానే అంది. "క కాడ మొదలువెట్టు. ణ కాడికి పదిహేనే ఉంటయి." లెక్కపెట్టి చూశాను. క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ, ట ఠ డ ఢ ణ. సరిగ్గా పదిహేను. పదికి క, పన్నెండుకు గ, ఇరవై నాలుగుకు ణ.

మరునాడు టీచర్ అవి చూసి, "ఎవరు చెప్పిన్రు?" అని అడిగింది.

"మా చెల్లె టీచర్."

"నీకన్న అదే నయమున్నది." ఆ తర్వాత తరగతికి వినిపించేలా అంది. "ఈమెకు ఇయ్యాల్టి సంది ప్రతి లెక్క రెండుసార్లు. ఒకటి అందరి లెక్క, ఇంకోటి ఇంటి లెక్క. ఏది తప్పినా దెబ్బలు రెండింటివి."

ఆరు నుంచి తొమ్మిది దాకా అట్లాగే నడిచింది. తోటిపిల్లలు ఆటకు పోయాక నేను రెండో లెక్క చేస్తూ ఉండేదాన్ని. మా బీడీల లెక్కకు ఒక్కటే మెట్టు ఉందని కూడా ఆమే చూపింది. మేం కట్టలను మామూలుగానే లెక్కపెట్టి, నలభై కట్టలైతే వెయ్యి అని ఆగిపోతాం. "అది సగం దారిల ఆగిన లెక్క. ఇరువై ఐదు కట్టలయితే మళ్ళ పైన ఒకటి కావాలె. దానికి పేరు పెట్టు" అంది. గంప అని పెట్టాను. గంపకు ఆరువందల ఇరవై అయిదు. అవ్వ రోజూ చేసే వెయ్యి బీడీలు నా లెక్కలో గంప, పదిహేను కట్టలు, విడిగా ఏమీ లేవు. రాస్తే 1చ0.

కొన్ని సంగతులు నేనే కనిపెట్టానని అప్పట్లో అనుకునేదాన్ని. ఆమే దారి చూపి పక్కకు నిలబడేదని తర్వాత తెలిసింది. పది లెక్కలో చివరి అంకె చూసి సరి బేసి చెప్పవచ్చు. కట్టల లెక్కలో ఆ ఆటలు సాగవు. 11 అని రాస్తే అది కట్టా ఒకటి, అంటే ఇరవై ఆరు. చివర ఒకటి ఉన్నా సరిసంఖ్యే. అంకెలన్నీ కలిపి చూస్తే గాని తెలియదు. ఇంకోటి, పది లెక్కలో తొమ్మిదికి ఉన్న గుణం మా లెక్కలో ఇరవై నాలుగుకు ఉంది. ఒక కట్టలో నుంచి ఇరవై నాలుగు తీస్తే ఒకటి మిగులుతుంది. ఎన్ని కట్టలుంటే అన్ని ఒకట్లు. వాటికి విడి బీడీలను కలిపి, ఆ మొత్తం ఇరవై నాలుగుతో శేషం లేకుండా పోతే సంఖ్య మొత్తం పోతుంది.

ఒకరోజు బడి వదిలాక నన్ను ఆపి, "నీ పేరు నీ లెక్కల రాయి" అంది.

"ఏ పేరు టీచర్?"

"నీకున్నదే ఒక్క పేరు. మూడువందల పన్నెండు."

భాగించాను. పన్నెండు కట్టలు, పన్నెండు బీడీలు. బోర్డు మీద గగ అని వచ్చింది. ఎటు నుంచి చదివినా అదే. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. "నవ్వు తర్వాత. అంకెలు కలుపు." పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు. కాబట్టి సంఖ్య ఇరవై నాలుగుతో పోవాలి. పోయింది, పదమూడుసార్లు. "రెండింతలు చెయ్యి." ణణ వచ్చింది, రెండు స్థానాల్లో ఇమిడే అన్నిటికన్నా పెద్ద సంఖ్య. దానికి ఇంకొక్క బీడీ కలిస్తే గంప. "ఇప్పుడు కట్టకు ఇరువై ఐదు గాదు, ఐదే అనుకొని రాయి." నాలుగు రెండ్లు వరసగా నిలబడ్డాయి, 2222. అదీ ఎటు చదివినా అదే.

నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరు లోపల ఇంత పొందిక ఉంటుందని నాకు తెలియదు. బోర్డు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆమె డస్టర్ అందుకుని తుడుస్తూ అంది. "నవ్వినోళ్ళు నవ్వనీ. అంకెకు సిగ్గు లేదు." ఆమె నాతో అన్న మాటల్లో మెత్తటి మాట అదొక్కటే. మరునాడు హాజరులో మళ్ళీ ఆ పేరే పిలిచింది. తోటిపిల్లలు గగ అని పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో చెల్లె కూడా.

నేను తొమ్మిదిలో, చెల్లె అదే బడిలో ఏడులో ఉన్నప్పుడు కార్డు మాట వచ్చింది. మా దిక్కు పిల్లను చూడడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది బీడీ కంపెనీ రాసిచ్చే పని కార్డు ఉందా అని. కార్డు ఉంటే ముసలితనానికి ఫండు జమవుతుంది, ఎక్కడికి పోయినా చేతిలో పని ఉంటుంది. లేని పిల్ల ఎంత చదివినా ఒట్టి పిల్లే. మా గల్లీకి ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు, నా చేతిపని చూసి నచ్చితే కార్డు రాయిస్తానన్నాడు. అతని ఎదుట కూర్చుని ఒక కట్ట చేసి చూపాలి. ముందురోజు అవ్వ బడికి వచ్చి తరగతి గుమ్మం దగ్గర నిలబడింది.

"రేపు పిల్ల రాదు టీచర్. టేకేదారు సెయ్యి సూస్తనన్నడు. కార్డు రాస్తే ఇగ బడి బంద్."

"బందా?"

"బందే. తొమ్మిది దాంక సదివింది, సాలు. మా ఇంట్ల పేరు రాసుడు గూడ ఎవ్వరికి రాదు."

టీచర్ ఇంకేమైనా అంటుందని చూశాను. పదో తరగతి రాయనీ అంటుందని, ఈ పిల్లకు లెక్కలు వస్తాయంటుందని. నాలుగేళ్ళు నా చేత రెండేసి లెక్కలు చేయించిన మనిషి కదా అనుకున్నాను.

"తీస్కపో" అంది. అవ్వ దండం పెట్టి వెళ్ళిపోయింది.

అవ్వ గేటు దాటే దాకా టీచర్ కిటికీలో నుంచి చూసి, ఆ తర్వాత నన్ను పిలిచింది. "మూడువందల పన్నెండు, బోర్డు కాడికి రా. పది లెక్కల ఒకటిని ఇద్దరికి పంచితే సున్న పాయింట్ ఐదు. నీ లెక్కల రాయి."

ఒకటిని ఇరవై అయిదు ముక్కలు చేశాను. ఇటు పన్నెండు, అటు పన్నెండు, ఒకటి మిగిలింది. ఆ మిగిలినదాన్ని మళ్ళీ ఇరవై అయిదు చేశాను. మళ్ళీ పన్నెండూ పన్నెండూ, మళ్ళీ ఒకటి. బోర్డు మీద 0.గగగగ అని రాస్తూ పోయాను.

"ఎక్కడ ఆగుతది?"

"ఆగదు టీచర్. కట్టల లెక్కల సగానికి కొస లేదు."

"చెయ్యి చాపు."

నాకు అర్థం కాలేదు. "సరిగ్గనే ఉన్నది గదా టీచర్."

"సరిగ్గనే ఉన్నది. చాపు. ఎడమది గాదు, పని చేసేది."

బోర్డు మీద గీతలు గీసే పెద్ద కర్ర స్కేలు తీసింది. ఎప్పటిలా కణుపులన్నిటి మీదా కాదు, చూపుడువేలు మీదనే కొట్టింది. నవ్వబోయిన పిల్లలు నవ్వు మింగేశారు. నేను ఆమె ముఖంలోకే చూస్తున్నాను. కోపం లేదు. లెక్క చేసేటప్పుడు ఉండే ముఖమే. వేలు పక్కకు తిరిగేదాకా ఆపలేదు. ఆ తర్వాత స్కేలును మూలకు పెట్టి, మిగతా తరగతికి పాఠం చెప్పింది.

మరునాడు బీడీ కార్ఖానాలో టేకేదారు ముందు కూర్చున్నాను. వేలు వంకాయలా ఉబ్బింది. ఆకు మడత పడలేదు, దారం బిగియలేదు. అతను ఒక బీడీ తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి తంబాకు నా చాటలోనే రాల్చాడు.

"ఇది బీడీయా, గడ్డిపోసనా? నోట్ల వెట్టుకుంటే తంబాకు గొంతులకు పోతది."

"దెబ్బ తాకిందన్నా. కొన్ని దినాలు ఆగితే..." అంది అవ్వ.

"నేనాగుతనా? బయట ఎంతమంది నిలవడ్డరో సూడు." అతని చూపు అవ్వ వెనక నిలబడ్డ చెల్లె మీద పడింది. "గా సిన్నదాని సెయ్యి సూపియ్యి."

చెల్లె నన్ను జరగమని నా చోట కూర్చుంది. ఆమె చేసిన కట్టను అతను నేల మీద కొట్టి చూశాడు. ఒక్క బీడీ జారలేదు. "దీనికి రాస్త. వయసు సంగతి నేను సూసుకుంట" అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు చెల్లె మా ముందు గంతులేస్తూ నడిచింది. "గగకు రాలే, నాకొచ్చింది" అని దారంతా పాడింది. తర్వాతి రోజు నుంచి ఆమె బడికి పోలేదు. ఆమె పుస్తకాల సంచిని అవ్వ తంబాకు పెట్టుకోవడానికి వాడుకుంది.

కార్ఖానా నుంచి వచ్చిన సాయంత్రమే అవ్వ నన్ను చెయ్యి పట్టి టీచర్ ఇంటికి ఈడ్చుకుపోయింది. మా వెనక గల్లీలోనే ఆమె ఇల్లు. నా వేలిని ఆమె ముఖం ముందు పెట్టి అడిగింది.

"నా పిల్ల సెయ్యి ఇరగ్గొట్టినవ్. దీన్ని ఎవడు చేసుకుంటడిప్పుడు?"

"చెయ్యి పోతే తలకాయున్నది. రేపు పంపు, లెక్క మిగిలింది."

"నీకు పిల్లలుంటే తెలుస్తుండె నొప్పి."

"లేరు. ఉంటే వాళ్ళను గూడ కొడుతుంటి."

అవ్వ ఆమె గడపలో ఉమ్మి, నోటికొచ్చిన శాపాలన్నీ పెట్టి వచ్చింది. నన్ను కొన్నాళ్ళు బడికి పంపలేదు. కానీ ఆకు కత్తిరించడానికి కూడా ఆ వేలు పనికిరాలేదు. "ఇంట్ల కూసోని ఏం జేస్తది, బడికన్న పోనీ" అని చివరికి అవ్వే అంది. మా ఇంట్లో పనికిరానిదాన్ని కాబట్టి నాకు చదువు వచ్చింది. నా పదో తరగతి, ఇంటరు, డిగ్రీ, బీఎడ్ అన్నీ చెల్లె రోజూ చేసిన 1చ0 మీద నడిచాయి. పదిలో లెక్కల మార్కులు చెప్పడానికి టీచర్ దగ్గరికి పోతే, "నాకెందుకు, మీ చెల్లెకు చెప్పు పో" అని తలుపు వేసుకుంది.

రిటైరయ్యాక ఆమెకు షుగర్ బాగా ముదిరి చూపు పోయింది. చక్కెర ఊళ్ళో ఉండి అందరినీ ఏడిపించింది, ఆ చక్కెరే ఆమెను తిన్నదని గల్లీలో ఎగతాళి చేసేవాళ్ళు. బోధన్ వచ్చినప్పుడల్లా నేను పోయి కూర్చునేదాన్ని. ఈసారి చలికాలంలో పోయినప్పుడు, "పిల్లలకు కట్టల లెక్క చెప్తున్నవా?" అని అడిగింది. పాఠాల్లో లేదన్నాను. "పాఠంల ఉంటేనే చెప్తవా" అని అరచేయి చాపింది. నేను వేలితో ఆమె అరచేతిలో గగ అని రాశాను.

"వంకర రాస్తున్నవ్."

"మీరు వంకర చేసిన ఏలే టీచర్."

ఆమె నా వేలి కణుపు తడిమింది. "అవు. గట్టిగనే కొట్టిన."

ఇన్నేళ్ళూ అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "నన్ను ఆపిన్రు సరే. మా చెల్లెను ఎందుకాపలేదు?"

"ఇద్దరినీ ఆపితే మీ పొయ్యి ఎట్ల మండుతది? కార్డు మీ ఇల్లు దాటి పోదని నాకెరుకే. నువ్వు గాకుంటే అది."

"అది నాకన్న తెలివైంది టీచర్. ఆ గుర్తులు చెప్పింది గూడ అదే."

"నాకెరుక లేదా? ఏడోతరగతిల ఒక్క లెక్క తప్పు చేయలే ఆ పిల్ల." చూపు లేని కళ్ళు నా వైపే ఉన్నాయి. "నువ్వు ముందొచ్చినవ్ బోర్డు కాడికి. గంతే. ఇంకేం లేదు దాంట్ల. పో ఇగ, బస్సు పోతది."

అదే ఆఖరి మాట. ఆమె నాకు మేలు చేసింది. ఆ మేలును మా చెల్లె చేతుల్లో నుంచి తీసి నాకిచ్చింది. రెండూ నిజమే, ఒకదాంతో ఇంకోటి కొట్టివేయడం నాకు చేతకాలేదు. నా తరగతిలో కర్ర లేదు. పిల్లలకు నేను పేర్లు పెట్టను. అయినా ఒక పిల్ల బోర్డు ముందు తప్పు జవాబు రాసి నిలబడితే, అది ఏ లెక్కలో సరైందో అని ఆగి చూస్తాను. ఆ ఆగడం ఆమె నేర్పిందే. దానికి ఆమెకు దండం పెడుతున్నాను. కొట్టిన చేతికి పెట్టడం లేదు.

ఆర్మూర్‌లో, నిజామాబాద్‌లో బస్సులు మారి నేను చేరేసరికి పాడె కడుతున్నారు. రెంజల్ దిక్కు నుంచి ఆమె తమ్ముడొచ్చాడు. పాత విద్యార్థులం నలుగురైదుగురం. అవ్వ రాలేదు. "నేనస్తే నా శాపమే తాకిందంటరు" అందట. సాయంత్రానికి బీడీలు ఇచ్చేయాలి కనుక గల్లీ ఆడవాళ్ళు ఎదురింటి అరుగు మీద చాటలు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు. పెళ్ళయ్యాక చెల్లె ఈ టీచర్ గల్లీలోనే ఉంటుంది. ఆమె పక్కకు పోయి కూర్చున్నాను.

"ఏడుస్తలేవేందే గగ?"

"వస్తలేదు."

"నాకు గూడ వస్తలేదు. నాకెందుకొస్తది." ఆకులో తంబాకు నింపి చుట్టింది. "ఆమె కాడ నేనొక్క తప్పు గూడ చేయలే ఎరుకేనా? అన్ని సరిగ్గనే చేసిన."

"ఎరుకే. ఆమె గూడ చెప్పింది."

చెల్లె వేళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ నడిచాయి. "నిన్ను కొట్టనన్న కొట్టింది. నన్ను ఒక్కసారన్న కొట్టలే గద అక్కా."

డప్పు మోగింది, పాడె లేచింది. ఆడవాళ్ళంతా చాటలు దించి నిలబడ్డారు. చెల్లె లేవలేదు. కట్ట కట్టే మధ్యలో ఉంది, వదిలితే బీడీలన్నీ జారిపోతాయి. కట్టను రెండు బొటనవేళ్ళతో ఒత్తి, దారం కొస పళ్ళతో పట్టుకుని, మెడ మాత్రం తిప్పి పాడె మలుపు దాటే దాకా చూసింది. తర్వాత దారం బిగించి కొరికింది. తెగిన ముక్క కింది పెదవికి అంటుకుని అట్లాగే ఉండిపోయింది. ఆమె చెయ్యి అప్పటికే ఇంకో ఆకు కోసం చాటలో వెతుకుతోంది.